పారబోయాల్సిన పెట్రోలు

రెక్క కింది కుళాయి తిప్పి, దోబ్రి గాజు సీసా నిండా పెట్రోలు పట్టాడు. సీసాను ఎండకెత్తి, ఒక కన్ను మూసి, అడుగున నీటి బొట్టు ఉందేమోనని చూశాడు. లేదు. లేత ఆకుపచ్చ వెలుగు అతని నెరిసిన మీసం మీద, మెడ ముడతల మీద పడి కదిలింది. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ చూస్తున్నదే. అయినా ఆ రంగు చూసినప్పుడల్లా అతని నోరు కాస్త తెరుచుకునేది.

దోబ్రుజా మైదానంలో పొద్దుతిరుగుడు చేలకు మందు చల్లే విమానానికి ఇంధనం పోయడం అతని పని. లెక్క చూస్తే ఆ విమానం తిరిగిన దూరం భూమిని ఎన్ని చుట్లు చుట్టేదో. అతను మాత్రం నేల విడిచి ఎక్కింది పదకొండు మెట్లు, రెక్క మీదికి వేసే నిచ్చెనవి. దాన్ని నష్టం కింద ఎన్నడూ జమకట్టుకోలేదు.

పరీక్షకు పట్టిన పెట్రోలు మళ్లీ ట్యాంకులో పోయకూడదు. సాయంత్రం గుంటలో పారబోయాలి. అందాకా సీసాను షెడ్డు కిటికీలో పెట్టుకునేవాడు.

"దోబ్రీ! ఇంకా ఉన్నావా, పోయావా?"

పొరుగింటి రాది, తన ముసలి మాస్క్‌విచ్ కారు దిగుతూ కేకేశాడు.

"నీ కూతురి పెళ్లి సారా తాగకుండా ఎలా పోతానురా?"

"దాని కోసమే వచ్చా. ఆ సీసా ఎలాగూ పారబోస్తావుగా, నా బండిలో పొయ్యి."

"పొయ్యను."

"పై ఊరి పెళ్లి కూడా ఇవాళేనయ్యా! వాళ్లదీ పదకొండింటికే బయల్దేరడం. వాళ్లది కొత్త జిగూలీ కారు. నా బండేమో మిట్ట సగంలో టకటకమని ఆగి చస్తుంది. మిట్ట మీద కూడలిలో ఇద్దరు పెళ్లికూతుళ్లు ఎదురుపడితే ఒకరి అదృష్టం ఇంకొకరు పట్టుకుపోతారు. నా పిల్ల నెదా గతేంటి?"

"ముందే బయల్దేరు."

"మగపెళ్లివాళ్లొచ్చి బేరమాడి తలుపు తీయించుకునేదాకా పిల్లనెలా పంపుతాను? పెళ్లిళ్లు చూడని మొహమా నీది?"

దోబ్రి సీసా వైపు చూశాడు. "దీని గొప్పేంటో తెలుసా? ఎంత నొక్కినా తొందరపడి పేలదు. అంతే. విమానం ఇంజను దీన్ని పీక నొక్కినట్టు నొక్కుతుంది. అక్కడ ఆ ఓర్పు కావాలి. నీ మాస్క్‌విచ్ చంటిపిల్ల బుగ్గ నొక్కినట్టు నొక్కుతుంది. దానికిది పోసినా ఒకటే, మామూలుది పోసినా ఒకటే."

"పిసినారి! ఏరంతా చేతిలో పెట్టుకుని గుక్కెడు పొయ్యవు. నువ్వు చచ్చినా నీ గుమ్మం తొక్కను!"

"తొక్కకు. బండి మాత్రం వదిలి పో. పదింటికల్లా తెస్తా."

రాది మొహం విప్పారింది. కన్ను గీటి, చేలకడ్డంగా నడిచిపోయాడు.

దోబ్రి బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు బొగ్గుల్లా ఉన్నాయి. నాలుగూ విప్పి, గీకి, తుడిచి బిగించాడు. పాయింట్ల మధ్య సందు సరిచేశాడు. ఇంజను నడిపి, స్క్రూడ్రైవర్ కొనను ఇనుముకి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. బండి పరుగందుకుంటే నిమిషానికి ఆరు వేల చిన్న మంటలు. ఒక్కటి ముందైనా టకటక, వెనకైనా నీరసం. గుప్పెడంత చోట అన్ని మంటలు వరస తప్పకుండా పుట్టి చావడం అతనికి ఈ రోజుకీ వింతే. టైమింగ్‌ని వెంట్రుకవాసి తిప్పాడు. టకటక ఆగింది.

పొద్దుట్నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. తన గుండె కూడా తాళం తప్పుతోందని ఆ చెవికి తెలుసు. దానికి తిప్పే మర ఎక్కడుందో మాత్రం తెలీదు.

తన ఇంటి డబ్బాలోని మామూలు పెట్రోలు బండిలో పోసి, పదింటికి అప్పజెప్పాడు.

"పోశావుగా?" రాది గుసగుసలాడాడు.

"మామూలుదే పోశా."

"అర్థమైందిలే. గోడలకు చెవులుంటాయి!"

తిరిగొచ్చి షెడ్డు బయట, కిటికీ కింది బల్ల మీద కూర్చున్నాడు. పదకొండు దాటాక ఊళ్లో డోలు మోగింది. మాస్క్‌విచ్ వాగు దాటింది. మిట్ట మొదలైంది. దోబ్రి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని తల వంచి విన్నాడు. మంట వెనక మంట, మంట వెనక మంట, ఒక్కటీ తడబడలేదు. పెళ్లికూతురి తెల్లటి ముసుగు కిటికీలోంచి ఎగురుతుండగా బండి కూడలి దాటి అవతలికి దిగిపోయింది. పై ఊరి దారిలో ఇంకా దుమ్మైనా లేవలేదు. మిట్ట మీది జనం అరిచారు: "ఎగిరిందిరోయ్! విమానం పెట్రోలు!"

మధ్యాహ్నం విమానం దించిన పైలట్ కాలోయన్, "బాబాయ్, నిచ్చెన తేవా?" అన్నాడు. దోబ్రి మిట్ట వైపే చూస్తున్నాడు. నోరు కాస్త తెరిచి ఉంది. కాలోయన్ దగ్గరికొచ్చి భుజం తాకాడు. తర్వాత తన టోపీ కూడా తీశాడు.

కబురందిన రాది, కోటుకి పెళ్లి పువ్వు అలాగే ఉండగా పరుగెత్తుకొచ్చి షెడ్డు గుమ్మం తొక్కాడు. "ఎన్నేసి మాటలన్నాను! ముప్పై ఏళ్లు ఒక్క బొట్టు ఎవరికీ పొయ్యనివాడు, నా పిల్ల కోసం పోసి పోయాడు."

కాలోయన్ కిటికీ వైపు చూశాడు. రాది అతని చూపు వెంట తల తిప్పాడు.

కిటికీలో గాజు సీసా మెడదాకా నిండుగా ఉంది. సాయంత్రపు ఎండ దాన్లోంచి దిగి, ఖాళీ బల్ల మీద లేత ఆకుపచ్చగా కదులుతోంది.