టోకెన్‌కి ముందు

ఆస్పత్రి సర్కారుది, నడిపేది కంపెనీ. సరిగ్గా నడుపుతోందో లేదో కనిపెట్టుకుని ఉండడానికి సర్కారు నన్ను పెట్టింది. టోకెన్ తీసుకున్న అరగంటలోపు రోగిని డాక్టరు చూడాలి, లేకపోతే కంపెనీకి జరిమానా. ఆ లెక్క నేరుగా మా పెద్దాఫీసరు ముందున్న తెర మీదికి పోతుంది. ఆలస్యమైతే ఎర్రగీత పడుతుంది. నెలల తరబడి ఒక్కటీ పడలేదు.

అక్కడే నాకు తేడా కొట్టింది. ఊళ్ళో ఇంటింటా జ్వరాలు, ఇక్కడ హాల్లో కుర్చీలు ఖాళీ! మేనేజరును అడిగితే, "అంతా మీ దయ మేడమ్" అని పళ్ళికిలించాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

ఆ పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పిన్నికి ఆయాసంగా ఉందని ఆటో ఎక్కించి చాలాసేపయింది. డాక్టరుకి చూపించావా?"

హాలంతా వెతికాను. పిన్ని లేదు. వాచ్‌మన్‌ను నిలదీస్తే వాడి చూపు బట్టలుతికే షెడ్డు వైపు పోయింది.

షెడ్డు వెనక బెంచీల నిండా జనం. ఓ మూల గోడకి ఆనుకుని పిన్ని, పెదాలు నల్లబడి రొప్పుతోంది.

"పిలిచాకే టోకెన్ తీసుకోమన్నారే," అంది. "మంచివాళ్ళు పాపం, మంచినీళ్ళు కూడా ఇచ్చారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. పిన్నిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, అందర్నీ వెంటేసుకుని హాల్లోకి వచ్చి టోకెన్లు తీయించాను. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"కొంప ముంచుతున్నారు మేడమ్!"

"నంగనాచి వేషాలు నా దగ్గరా? పెద్దాఫీసరుకి చెప్పి నీ కాంట్రాక్టు ఊడగొట్టిస్తా ఉండు!"

అంతలో ఆయనే ఫోన్ చేశారు. "ఏంటమ్మా, ఒక్కసారిగా అన్ని టోకెన్లు?"

"సార్, వీళ్ళు రోగుల్ని షెడ్డు వెనక దాస్తున్నారు!"

"తెలుసు. ఆ బెంచీలు వేయించింది నేనే. మన ఆస్పత్రిని చూసే రేపు మిగతా ఊళ్ళకి ఈ పథకం ఇస్తారు. టోకెన్లు రద్దు చేయించి అందర్నీ బయటికి పంపు."

ఇన్నాళ్ళూ నేను అనుమానించింది ఒక్క మేనేజరునే. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఫోను స్పీకర్‌లో పెట్టి పైకెత్తాను. "సార్, ఆ మాట ఇంకోసారి చెప్పండి. హాల్లో అందరూ వింటున్నారు."

ఆయన ఫోన్ పెట్టేశారు. డాక్టరు గది తలుపు తోసి పిన్నిని లోపలికి తీసుకెళ్ళాను.