కనపడని కుట్టు

చచ్చిపోయినవాడి ఒంటిమీద నుంచి సూపర్‌వైజరు లైఫ్‌జాకెట్ కోసి తీస్తున్నాడు. పట్టపగలు, రేవు మెట్ల మీద, అందరూ చూస్తుండగా. తడిసి బిగుసుకుపోయిన పట్టీలు ఒక పట్టాన తెగడం లేదని విసుక్కుంటూ, శవం ఛాతీ మీద మోకాలు ఆనించి మరీ కోస్తున్నాడు. మోకాలు నొక్కినప్పుడల్లా ఆ నోట్లోంచి నీళ్లు వస్తున్నాయి.

ఆ చచ్చిపోయినవాడు కుట్లక్క తమ్ముడు.

కుట్లక్క మెట్లన్నీ ఒక్క పరుగున దిగింది. "ఒరేయ్, ముట్టుకోకు! చెయ్యి తియ్యరా వాడి మీంచి!" అని మీద పడబోయింది. ఇద్దరు కాపలావాళ్లు జుట్టు పట్టి వెనక్కి లాగారు. ఒకడు బూటుకాలితో డొక్కలో తన్నాడు. బోర్లాపడింది, పెదవి చిట్లింది, నోట్లో రక్తం ఉమ్మేసి మళ్లీ పాకుతూ వెళ్లింది. ఈలోగా చివరి పట్టీ తెగింది. సూపర్‌వైజరు ఆ జాకెట్‌ను ఆఫీసు వెనక్కి పట్టుకెళ్లి పెట్రోలు పోసి అంటించాడు. ఆ నల్లటి పొగ దిబ్బ మీద ప్రతి ఇంటికీ కనపడింది.

అరగంటలో కాగితం తయారైంది. "మృతుడు లైఫ్‌జాకెట్ ధరించుటకు నిరాకరించినాడు." రేపు పదింటికి తనిఖీ ఆఫీసరు వచ్చేలోపు దానికింద పడవవాళ్లూ క్వారీవాళ్లూ అందరూ వేలిముద్ర వెయ్యాలని హుకుం. వెయ్యనివాడికి రేపటినుంచి పని లేదు.

ఆ చోటు నీళ్ల మధ్య ఒక దిబ్బ. దిబ్బ మీద రేకుల ఇళ్లు, కంపెనీ ఆఫీసు, పడవలు బాగుచేసే షెడ్డు. అవతలి ఒడ్డున రాతి క్వారీ, దాని వెనక రోడ్డు. రోజూ పొద్దున్నే రెండొందల మంది ఎనిమిది పడవల్లో అటు వెళ్లాలి, సాయంత్రం ఇటు రావాలి. పడవలు, తెడ్లు, తాళ్లు, జాకెట్లు అన్నీ కాంట్రాక్టరు సరఫరా. ఆ సరుకు గురించి ఏం చెప్పమంటారు? తెడ్డు ఆనే ఇనప చీల గట్టిగా నాలుగు తోపులు తోస్తే పుటుక్కుమంటుంది. తాడు చూడ్డానికి ఏనుగుని కట్టెయ్యొచ్చు అనిపిస్తుంది, నెల్లాళ్లు ఎండలో ఉంటే చేతిలో పొడిపొడి అవుతుంది. పలకల సందుల్లో తారు పట్టించామంటారు, గోటితో గీకితే నల్లరంగు రాలుతుంది.

అయినా ఆ పడవలు ఇన్నాళ్లూ తేలాయంటే అది పడవవాళ్ల చలవ. గట్టి కొయ్యతో చీలలు చెక్కుకున్నారు. పాత గుడ్డల పీచు తారులో ముంచి సందుల్లో దట్టించారు. రెండు తాళ్లు కలిపి పేనుకున్నారు. అదంతా దొంగచాటుగానే. రేవులో తెల్లటి బోర్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది: "కంపెనీ సామాను మరమ్మతు చేసినవారు పనిలోనుంచి తొలగింపబడుదురు."

తనిఖీ వస్తోందని, తమ్ముడు పోవడానికి ముందురోజు, మొదటి పడవకి కొయ్య చీలలు పీకించి, రంగేసిన కొత్త ఇనపవి పెట్టించాడు సూపర్‌వైజరు. తెల్లారి నడినీళ్లలో ఆ చీల విరిగింది. పడవ అడ్డం తిరిగి బోర్లాపడింది. తమ్ముడు ఒక్కొక్కరినే తోసి తిరగబడ్డ పడవని పట్టించాడు. వెనక పడవ వచ్చి అందరినీ లాక్కుంది. అప్పటికి అతని జాకెట్ నీళ్లు పీల్చి బండరాయయింది. అందరూ చూస్తుండగానే కిందకి లాక్కుపోయింది.

మధ్యాహ్నానికి మట్టిచేసి వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే షెడ్డులో చేరారు.

"వేసేద్దాం," అన్నాడు రాళ్లు మోసే పొట్టాయన. "వేలిముద్రేగా. పోయినోడు ఎటూ తిరిగిరాడు. ఉన్నోళ్లం బతకాలిగా."

"రేపు నువ్వు మునుగుతావు. నీమీదా ఇదే కాగితం రాస్తారు. నీ పెళ్లాం కళ్లముందు మేం వేలిముద్రలు వెయ్యాలా?" అన్నాడు బొంగురు మామ. పడవవాళ్లందరిలో పెద్దవాడు. గొంతు ఎప్పుడో పోయి గరగరమంటుంది.

"నీకేం మామా, కాటికి కాళ్లు చాపుకున్నావ్. ఎన్నైనా చెప్తావ్."

"చాపుకున్నాను కాబట్టే భయం లేదు. నీకు నడుం ఇంకా నిలబడుందిగా, దాన్ని వంచకు."

"నన్ను మాత్రం ఇందులోకి లాగకండి," అన్నాడు లాంచీ డ్రైవరు. "నేను ఆఫీసోళ్ల బండి తోలేవాణ్ణి. మీ పడవలకీ నాకూ సంబంధం లేదు."

"లాంచీ మునిగితే నువ్వేమైనా గాల్లో తేలతావా?" అంది ఎవరో ఆడమనిషి. కొందరు నవ్వారు. ఆ నవ్వు నిలవలేదు.

కుట్లక్క లేచింది. కొక్కేనికి వేలాడుతున్న జాకెట్ ఒకటి తీసి కత్తితో పొట్ట చీల్చింది. స్పాంజి ముక్కలు, అట్టముక్కలు, నలిపిన కాగితాలు. అలాగే నీళ్ల డ్రమ్ములో పడేసింది. అందరూ లెక్కపెట్టారు. ఇరవై అనేలోపు అది అడుక్కి చేరింది.

"నువ్వు కుట్టినవి ఏమయ్యాయి వదినా?" అని అడిగింది మరదలు. చచ్చిపోయినవాడి పెళ్లాం ఆ పిల్ల.

ఏడాదిగా కుట్లక్క చాటుగా చేసే పని అదే. ఆఫీసువాళ్లు తాగి పారేసిన నీళ్ల సీసాలు ఏరుకొచ్చి, మూతలు బిగించి, జాకెట్ విప్పి లోపల వరసగా పేర్చేది. మళ్లీ కంపెనీ సూది దిగిన బెజ్జాల్లోంచే తన సూది దింపి మూసేసేది. కంపెనీ పేరున్న బిళ్ల ఎక్కడుండాలో అక్కడే ఉండేది. తన కుట్టు తనకే కనపడదని ఆమెకి గొప్ప. అలా నలభై చేసింది. ఇంకా నూట అరవై ఉన్నాయి.

"నిన్న సాయంత్రం ఆఫీసుకి పట్టుకెళ్లారు," అంది కుట్లక్క. "నలభైకి నలభై. తనిఖీకి చూపించడానికి."

అన్నాక, తన మాట తనకే అర్థమై ఆగిపోయింది. సూపర్‌వైజరు జాకెట్లు ఒక్కొక్కటే చేత్తో నొక్కి చూడటం ఆమె కళ్లారా చూసింది. సీసాలున్నది కరకరమంటుంది. కరకరమన్నవి ఒక పక్కకి పెట్టేవాడు. బాగున్నవి చూసి పెడుతున్నాడని, మనిషిలో ఎక్కడో కాస్త భయం ఉందని అనుకుంది. ప్రతి తనిఖీకీ వాడు అందులో ఒకటి తొడుక్కుని ఆఫీసరు ముందు రేవులోంచి నీళ్లలోకి దూకేవాడు. తేలుతూ చెయ్యి ఊపేవాడు. ఫొటో తీసేవారు. సరుకు బ్రహ్మాండం అని సంతకం పడేది. ఆ సంతకంతో మళ్లీ రెండొందల స్పాంజి జాకెట్లు దిగేవి.

"అయితే నీ కుట్టే చంపింది మా ఆయన్ని," అంది మరదలు.

కుట్లక్క గోడకి చేరగిలబడి మొహం దాచుకుంది. ఏడుపు కాదు అది, లోపలినుంచి పేగులు తెంపుకొచ్చిన కేక.

"ఊరుకో అమ్మా," అన్నాడు బొంగురు మామ. "పిల్ల చెప్పింది నిజమే. కానీ ఒక్క నీ కుట్టేనా? నా కొయ్య చీల? వీళ్ల తారు? కాంట్రాక్టరు పారెయ్యాల్సిన సరుకు పంపిస్తాడు, మనం ప్రాణం పోస్తాం, వాడు సంతకం చేయించుకుంటాడు. మన నేర్పే వాడి సర్టిఫికెట్. రేపు మన పనిని మనం వెనక్కి తీసుకుందాం. వాడిచ్చింది వాడికే వదిలేద్దాం. ఎట్టా తేలతాయో చూస్తాను."

పొట్టాయన చాలాసేపు డ్రమ్ములోకి చూశాడు. "నా వేలు నేనివ్వను," అన్నాడు ఆఖరికి.

మర్నాడు ఎనిమిదింటికే ఆఫీసునుంచి కుట్లక్కకి పిలుపొచ్చింది. నలభై జాకెట్లకీ కొత్త బిళ్లలు కుట్టాలి. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు పని కానియ్," అన్నాడు సూపర్‌వైజరు. ఆమె కుప్ప పక్కన కూర్చుంది. సంచిలోంచి సూదీ దారం తీసింది, దబ్బనం తీసింది. బిళ్ల కుట్టింది, గుడ్డ మీంచే దబ్బనం దింపింది. సీసా సీసాకీ రెండేసి పోట్లు. తన చేత్తో పేర్చిన సీసాలవి, తన చేత్తోనే పొడిచింది. నొక్కితే కరకర మాత్రం అలాగే ఉంది. ఎవడు తొడుక్కుని దూకుతాడో ఆమెకి తెలుసు. తెలిసే పొడిచింది.

పదింటికి లాంచీ వచ్చింది. తనిఖీ ఆఫీసరు, తెల్ల బూట్ల కాంట్రాక్టరు, ఒక ఎస్సై, పదిమంది పోలీసులు దిగారు. మెట్ల మీద రెండొందల మంది నిలబడి ఉన్నారు. వేలిముద్రల కాగితం తెల్లగా అలాగే ఉంది.

"ఈ పనికిమాలినవాళ్ల సంగతి తర్వాత," అన్నాడు కాంట్రాక్టరు. "ముందు మీరు సరుకు చూడండి సార్."

సూపర్‌వైజరు జాకెట్లు నొక్కి చూసి కరకరమన్నది తొడుక్కున్నాడు. అతనికి ఈత రాదు. కుట్లక్క కుట్టు మీద అంత నమ్మకం. నవ్వుతూ దూకాడు. తేలాడు. చెయ్యి ఊపాడు. ఫొటో తీశారు. రెండోసారి ఊపబోయేసరికి నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. నవ్వు పోయింది. చేతులు టపటపా కొట్టాడు, నీళ్లు మింగాడు, మునిగి లేచి కెవ్వుమన్నాడు.

"దూకండిరా! చూస్తారేంట్రా, దూకండి!" అని కాంట్రాక్టరు గంతులేశాడు.

ఒక్కరూ కదల్లేదు. మరదలు రెండు మెట్లు కిందకి దిగి, అందరికీ వినపడేలా అంది: "జాకెట్ వేసుకోనన్నాడని రాసుకోండి సార్!"

రేవు దద్దరిల్లింది. రెండొందల గొంతులు ఆ మాటే అందుకున్నాయి. "రాసుకోండి! రాసుకోండి!"

వాడు మూడోసారి మునిగాడు. కుట్లక్క పళ్లు బిగించి చూస్తోంది. వాడు చస్తే ఆమె గుండె చల్లబడుతుంది, కానీ తమ్ముడి మీద రాసిన అబద్ధం అలాగే మిగిలిపోతుంది. "లాగండి వాణ్ణి," అంది. "వాడు చెప్పాలి."

బొంగురు మామ గెడకర్ర అందించాడు. నలుగురు మెట్లమీదకి ఈడ్చారు. కుట్లక్క వాడి ఛాతీ మీద మోకాలు ఆనించింది. నిన్న వాడు ఆనించినట్టే. వాడి నోట్లోంచి నీళ్లు ఎగజిమ్మాయి. జాకెట్ చీల్చింది, సీసాలు మెట్లమీద దొర్లాయి.

"ఇవి ఎవరు పెట్టారు?"

"నువ్వే..."

"మిగతావాటిలో ఏముంది?"

"ఏం లేదు... స్పాంజి, చెత్త..."

"నా తమ్ముడు నిన్న జాకెట్ వేసుకున్నాడా, లేదా?" కత్తి మొన వాడి గొంతుకి తాకింది.

"వేసుకున్నాడు! నేనే కోసేశాను! కాంట్రాక్టరు సార్ చెయ్యమంటేనే చేశాను!"

అందరూ విన్నారు. ఆఫీసరూ విన్నాడు. విని, చేతిలో ఫైలు మూసేసి, పోలీసుల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ప్రభుత్వం అంటే ఏమిటో ఆ దిబ్బ మీది వాళ్లకి అంత విడమర్చి ఇంకెవరూ చెప్పలేదు.

లాఠీలు లేచాయి. మొదటి దెబ్బ కుట్లక్క తలమీదే పడింది. రెండోది పొట్టాయన చెయ్యి విరగ్గొట్టింది. అతను రెండో చేత్తో తెడ్డు అందుకున్నాడు. తెడ్లు గాల్లోకి లేచాయి. ఒక పోలీసు దవడ పగిలింది. కాంట్రాక్టరు తెల్లబూటు ఒకటి ఊడి నీళ్లలో పడింది, అతను ఒంటికాలి బూటుతో ఆఫీసు గదిలోకి పరిగెత్తి తలుపేసుకున్నాడు. రాళ్లు పడ్డాయి, కిటికీలు పగిలాయి. ఎస్సై "కాల్చండి!" అన్నాడు.

మూడు సార్లు పేలింది. బొంగురు మామ గెడకర్ర మీద ఒరిగి, అలాగే జారి కూర్చున్నాడు. పొట్టలో తగిలింది. కుట్లక్క పాక్కుంటూ వెళ్లి తల ఒళ్లో పెట్టుకుంది.

"చీల..." అన్నాడు. ఆ గొంతు ఎవరికీ వినపడేది కాదు. అయినా చుట్టూ ఉన్న పడవవాళ్లందరికీ అర్థమైంది. అంతే, పోయాడు.

కుట్లక్క చేతులకి బేడీలు పడ్డాయి. పొట్టాయనకీ, మరో ఆరుగురికీ పడ్డాయి. "లాంచీ తియ్యి!" అన్నాడు ఎస్సై. లాంచీ డ్రైవరు మామ శవం వంక చూశాడు. ఇంజను దగ్గర వంగి, పగిలిన గొట్టానికి తాను చుట్టుకున్న రబ్బరు ముక్క విప్పి జేబులో వేసుకున్నాడు. పెట్రోలు ధారకట్టింది.

"కంపెనీ గొట్టం ఇంతే సార్," అన్నాడు. "ఇన్నాళ్లూ నా రబ్బరుతో నడిచింది." లాఠీ అతని భుజం మీద పడింది. పడనిచ్చాడు.

"పడవలు తియ్యండి!" అని ఎస్సై పడవవాళ్ల మీద అరిచాడు.

ఏడు పడవల్లోంచీ పడవవాళ్లు కొయ్య చీలలు పీక్కున్నారు. సందుల్లో దట్టించిన పీచు కొక్కేలతో లాగేశారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరి పని వాళ్లు తీసుకుంటున్నట్టే తీసుకున్నారు. నీళ్లు బుడబుడమంటూ లోపలికొచ్చాయి. పడవలు కట్టినచోటే కూర్చోవడం మొదలుపెట్టాయి.

చిన్న వయసు కానిస్టేబుల్ ఒకడు కుప్పలోంచి జాకెట్ తీసి తొడుక్కుని, కుట్లక్క పక్కన గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, ఇది నువ్వు కుట్టిందేనా?"

"అన్నిటికీ చిల్లులు పొడిచాను నాయనా," అంది కుట్లక్క. నెత్తుటి మొహంతోనే నవ్వింది. అతను జాకెట్ విప్పి మెట్టు మీద పెట్టేశాడు. పక్కవాడూ పెట్టేశాడు.

ఎస్సై అటు చూశాడు. చుట్టూ నీళ్లు, ముందు పదిమంది పోలీసులు, మెట్లనిండా రెండొందల మంది. గొంతు చించుకున్నాడు. "చూస్తారేంటి? బాగుచెయ్యండి! వెంటనే పడవలు బాగుచెయ్యండి!"

మరదలు బొంగురు మామ కళ్లు మూసి లేచింది. ఏ రక్తసంబంధం లేకపోయినా ఆ పిల్ల చీరంతా మామ రక్తమే. వెళ్లి తెల్లబోర్డు కింద నిలబడి, చెయ్యెత్తి చూపించింది.

"బాగుచేస్తే పన్లోంచి తీసేస్తారని మీ కంపెనీయే రాసింది కద సార్."

అని మెట్టు మీద కూర్చుంది. ఆమె పక్కన లాంచీ డ్రైవరు కూర్చున్నాడు. రెండొందల మందీ కూర్చున్నారు, పడవవాళ్లు ఎవరి చీల వాళ్ల చేతిలో పట్టుకుని.