మస్నా పడవ

నదీ కాలువల ఊరు బంజర్‌మసిన్‌లో మా ఇంటి నుంచి హైస్కూలుకు లారీల రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు. మా హలీదాకు పద్నాలుగేళ్లు.

"బండి కొనిద్దాం. అందరి పిల్లలూ నడపట్లేదా?" అన్నాడు మా ఆయన.

"అందరూ క్షేమంగా ఇంటికొస్తున్నారా?" అన్నాను.

పక్కింటి మస్నా విన్నది. రోజూ పడవలో కూరగాయలు అమ్ముతూ బడి రేవు దాటి వెళ్తుంది. "పిల్లను నా పడవెక్కించు వదినా. దానికంటే నా గుమ్మడికాయలే బరువు," అంది. హలీదా మూతి ముడుచుకుంది గానీ, మర్నాడు ఎక్కింది.

నిన్న సాయంత్రం జోరువాన. బడి ఆలస్యంగా వదిలారు. మస్నా గంటసేపు రేవులోనే ఆగిందట. హలీదా కూరగాయల పట్టా కప్పుకుని తడవకుండా దిగింది. మస్నా తడిసి ముద్దయింది.

"ఎందుకాగావే?"

"దాన్ని వదిలేసి వస్తే నీ మొహమెలా చూసేది?"

"నీ కడుపు చల్లగుండాలి తల్లీ," అన్నాను, వేడి టీ ఆమె చేతికిస్తూ.