మంద ఆగిన చోటు

సుమిత్రమ్మకు దవాఖాన అంటే భయం పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మిగిలింది ఒట్టి విసుగు. మొగుని కాలు కోసం మూడేళ్లలో ఆమె ఎక్కని మెట్టు లేదు, కూర్చోని బెంచీ లేదు. ఏ వరండాలో ఫ్యాన్ తిరుగుతుందో, ఏ కాంపౌండర్ కసురుకుంటాడో ఆమెను అడిగితే నిద్రలో కూడా చెప్తుంది.

పెద్దేముల్ నుంచి తాండూరు పోయే తొవ్వలో ఉంటుంది వాళ్ల ఊరు. మొగుడు బిచ్చయ్య ఆస్తి అరవై గొర్రెలు, ఒక గొంగడి, జేబులో ఎప్పుడూ తరగని బీడీ కట్ట. పొద్దున్నే మందను తోలుకుని బయలుదేరేవాడు. కొంత దూరం పోయేసరికి కుడి పిక్క పట్టేసేది. నిలబడితే నొప్పి పోయేది, నడిస్తే మళ్లీ వచ్చేది. అట్లా ఆగుతూ నడుస్తూ తొవ్వలో మూడు మజిలీలు ఏర్పడ్డాయి. తొవ్వ కింద నీళ్లు పారే మోరీ దగ్గర ఒకటి, మూతపడ్డ బండల గని దగ్గర ఒకటి, జంగప్ప కంది చేను గట్టు మీద ఒకటి. మొదట్లో మంద ముందుకు పోతుంటే బిచ్చయ్య అరిచి ఆపేవాడు. కొన్నాళ్లకు అరిచే పని లేకుండా పోయింది. మెడకు గంట కట్టిన ఎర్ర పొట్టేలు మోరీ రాగానే తనంతట తనే నిలబడేది. దాని వెనుక మందంతా నిలబడేది.

"బిచ్చయ్య గొర్లకు బస్టాపులున్నయ్ రా" అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

తాండూరులో ఒకాయన మోకాలు అరిగిందని సూదులు వేశాడు. ఇంకొకాయన నరం అన్నాడు. సరిహద్దు అవతలి నూనె వైద్యుడు కన్నడంలో ఏదో చెప్పి సీసా ఇచ్చాడు. బిచ్చయ్య అన్న భీమప్ప అయితే కుంటే గొర్రెకు పెట్టినట్టే, కాల్చిన ఇనుముతో తమ్ముని పిక్క మీద రెండు వాతలు పెట్టాడు. నొప్పి పోలేదు సరికదా, ఆ వాతలు నెలలైనా మానలేదు. చివరికి కాలి వేలొకటి నల్లబడి పుండు పడ్డది.

అప్పుడు వచ్చింది బిడ్డ దేవిక. తాండూరులో బట్టలు కుట్టే దుకాణంలో పని చేస్తుంది. ఆ పుండు చూసి తల్లి మీద అరిచింది, తండ్రి మీద అరిచింది, తర్వాత తనే ఏడ్చింది.

"నాయినా, రేపు వికారాబాద్ పోతున్నం. నిన్ను అడుగుతలేను, చెప్తున్న" అంది.

వికారాబాద్‌లో గురువారం గురువారం పట్నం నుంచి ఒక డాక్టర్ వస్తాడు. ఇంతమంది చూసిన ఆ పాదాన్ని చేత్తో ముట్టుకున్నవాడు ఆయనొక్కడే. పాదం మీద రెండు వేళ్లు ఆనించి, తల వంచి, చాలాసేపు వెతికాడు. నాడి దొరకలేదు. బీడీ ఎప్పటి నుంచి అని అడిగితే బిచ్చయ్య "మీసం రాకముందు సంది" అని నిజమే చెప్పాడు.

తొడలో రక్తనాళం పూడిపోయిందని, కిందికి నెత్తురు పోక కాలు ఆకలితో ఏడుస్తున్నదని డాక్టర్ చెప్పాడు. గజ్జల దగ్గర చిన్న రంధ్రం పెట్టి, సన్నని తీగ మీదుగా బెలూన్ పంపి, పూడిన చోట ఉబ్బించి దారి చేస్తారట. మళ్లీ మూసుకోకుండా జాలీలాంటి గొట్టం ఒకటి, స్టెంట్, అక్కడ పెడతారట.

"ఆ గాలి బుగ్గ లోపల్నే ఉంటదా సారూ?" అని అడిగింది సుమిత్రమ్మ.

"బుగ్గ బయటికొస్తదమ్మా. జాలీ ఉండిపోతది."

మిరుగు కార్తె వానలు మొదలైన వారంలో పట్నంలో ఆ పని అయింది. ఆ సాయంత్రం సుమిత్రమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టి మొగుని పాదం పట్టుకుంది. వెచ్చగా ఉంది. మూడేళ్ల నుంచి చల్లటి రాయిలా ఉన్న పాదం, వెచ్చగా ఉంది. ఎవరు చూసినా సరే అని అక్కడే కూర్చుని ఏడ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ మూడు మాటలు చెప్పాడు. రోజూ రెండు గోలీలు, జీవితాంతం. బీడీ ముట్టొద్దు. నొప్పి మళ్లీ వస్తే, వచ్చిన రోజే రావాలి.

పుండు మానింది. బిచ్చయ్య మోరీ దాటి, గని దాటి, ఆగకుండా నడిచాడు. గొర్రెలే అలవాటు కొద్దీ ఆగేవి. "వీటికి గూడ స్టెంట్ వెయ్యాలె" అని నవ్వుతూ కట్టెతో అదిలించేవాడు. నెల తిరిగేసరికి అవీ ఆగడం మానేశాయి. సుమిత్రమ్మ కూలి పనికి పోసాగింది. ఇక గట్టెక్కామనుకుంది.

కందులు పూతకు వచ్చినప్పటి మాట. ఒక పొద్దున బిచ్చయ్య జరమొచ్చిందని మంచం దిగలేదు. సుమిత్రమ్మ కూలికి పోకుండా మందను తానే తోలుకుని బయలుదేరింది. దొడ్డి దాటి కొద్ది దూరం పోయిందో లేదో, కరెంటు స్తంభం దగ్గర ఎర్ర పొట్టేలు ఆగింది. దాని వెనుక మందంతా ఆగింది.

గడ్డి లేదు, నీళ్లు లేవు, అక్కడ ఆగడానికి ఏమీ లేదు. "ఏమైందే మీకు?" అని అదిలించింది. కదిలాయి. మళ్లీ అంతే దూరం పోయి, హన్మయ్య గడ్డివాము దగ్గర ఆగాయి. ఈసారి ఆమె అదిలించలేదు. వెనక్కి తిరిగి స్తంభం వైపు చూసింది. మళ్లీ బయలుదేరినప్పుడు లోపల అడుగులు లెక్కపెట్టుకుంది. ఎనభై. ఎనభై అడుగులకు గంట చప్పుడు ఆగిపోయింది. పాత మజిలీలు కావవి, ఈ మధ్య కొత్తగా పడ్డవి. మోరీ ఇంకా చాలా దూరం ఉంది.

సుమిత్రమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. తొవ్వ పక్కన రాయి మీద కూలబడింది. మళ్లీ అదే రైలు, అదే చీటీ, అదే వరండా. చాతకాదు, ఇక నాకు చాతకాదు అనుకుంది. కొంచెంసేపటికి లేచి మందను ఇంటికి మళ్లించింది.

బిచ్చయ్య మంచంలోనే ఉన్నాడు. పలకరించకుండా పోయి దుప్పటి లాగి రెండు పాదాలూ పట్టుకుంది. ఎడమది వెచ్చగా ఉంది. కుడిది చల్లగా ఉంది. మానిన వేలు మళ్లీ కమిలి ఉంది.

"జరమొస్తే ఒక్క కాలే సల్లవడ్తదా? గోలీలేవి?"

బిచ్చయ్య గోడకు వేలాడుతున్న గొంగడి వైపు చూశాడు. సుమిత్రమ్మ దాని మూల ముడి విప్పితే, విప్పని గోలీల పట్టీలు రాలిపడ్డాయి. వాటితో పాటు సగం కాలిన బీడీ ఒకటి.

"పుండు మానింది గద, ఇగ మందెందుకని ఆపిన" అన్నాడు.

గొర్రెకు మందు పోస్తే అది నెమరు వేసేదాకే పోస్తారు. నెమరేసిందంటే సీసాకు మూత బిగిస్తారు. బిచ్చయ్య తాత చేసింది అదే, తండ్రి చేసింది అదే. తన కాలుకు కూడా అదే లెక్క వేసుకున్నాడు మహానుభావుడు.

"నువ్వు గొర్రెవా?" అంది సుమిత్రమ్మ.

"పారెయ్యలె గదనే. బిడ్డ తెచ్చిచ్చినయి, ఎట్ల పారేస్త?"

"నొప్పి ఎప్పటి సంది?"

"ఇరవై దినాలు."

"నోరు లేదా నీకు?"

బిచ్చయ్య గోడ వైపు తిరిగాడు. "చెప్తే బిడ్డ పని బందు వెట్టుకోని రావాలె. నువ్వు మళ్ల ఆ వరండల పండాలె. రోజు చెప్దామనే అనుకున్న. పొద్దుగూకినంక నువ్వు కూలికెళ్లి వస్తవ్ గద, నీ మొకం జూసి చెప్ప బుద్ది గాలె." మళ్లీ ఇటు తిరిగి అడిగాడు. "ఇంతకు నీకెవలు జెప్పిన్రు?"

"నీ గొర్లు."

ఆ మర్నాడే గురువారం. మందను భీమప్పకు అప్పజెప్పి వికారాబాద్ రైలెక్కారు. స్టేషన్ నుంచి ఆటో దాకా బిచ్చయ్య రెండుసార్లు ఆగాడు. అతను ఆగకముందే సుమిత్రమ్మ ఆగింది. డాక్టర్ ఎంత దూరం నడవగలుగుతున్నావని అడిగితే, ఆ మనిషి అప్పుడు కూడా "మస్తు నడుస్త సారూ" అన్నాడు.

"ఎనభై అడుగులు సారూ. నేను లెక్కవెట్టిన" అంది సుమిత్రమ్మ. ఎట్లా లెక్కపెట్టిందో కూడా చెప్పింది. డాక్టర్ నవ్వలేదు. కాగితం మీద ఎనభై అని రాసుకున్నాడు.

జాలీ లోపల మళ్లీ పూడిక పడుతోంది, కానీ పూర్తిగా మూసుకోలేదు. ఇంకో పది రోజులు ఆగుంటే కాలు తీసేసే సంగతి మాట్లాడుకునేవాళ్లమని డాక్టర్ చెప్పాడు. రెండోసారి బెలూన్ వేశారు. కాలు దక్కింది. వేలు మాత్రం దక్కలేదు.

నెలన్నర తర్వాత బిచ్చయ్య మళ్లీ గొంగడి భుజాన వేసుకున్నాడు. సుమిత్రమ్మ నీళ్ల సీసా పట్టుకుని వెంట నడిచింది. ఈ నెలన్నర భీమప్ప మందను వేరే తొవ్వన తిప్పినా, స్తంభం రాగానే ఎర్ర పొట్టేలు ఆగింది. బిచ్చయ్యకు నొప్పి లేదు. కట్టె ఎత్తాడు.

"అదిలియ్యకు, ఆగనియ్" అంది సుమిత్రమ్మ. గొంగడి ముడి విప్పి రెండు గోలీలు అతని అరచేతిలో పెట్టి, సీసా మూత తీసి ఇచ్చింది. "రోజు గీడనే ఏస్కో. నువ్వు మరిచినా అవి మరువయ్."

బిచ్చయ్య మింగాడు. మింగినట్టు నోరు తెరిచి చూపించాడు కూడా. మంద కదిలింది. గంట చప్పుడు మోరీ దాటేదాకా ఆమె స్తంభం దగ్గరే నిలబడి విన్నది. గడ్డివాము దగ్గర గొర్రెలు ఆగబోతే బిచ్చయ్య అదిలించాడు, చప్పుడు ఎక్కడా ఆగలేదు. అప్పుడు ఇంటికి వచ్చి, ఆ రోజు కూలికి పోకుండా, తలుపు దగ్గరికి వేసుకుని పట్టపగలే పడుకుంది.