ఆదెమ్మ చెప్పని పేరు

నేను ఒక అద్దాన్ని. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, చుట్టూ టేకు చట్రం, ఎడమ పక్క కింద వెనక రసం పూత ఊడిన మచ్చ. ఇప్పుడు గుంటూరులో ఒక కాలేజీ స్టోర్ రూములో గోడ వైపు మొహం పెట్టి ఉన్నాను. అద్దానికి ఇంతకంటే పనిలేని చోటు ఉండదు. ఎదురుగా సున్నం గోడ తప్ప ఏమీ లేదు కనుక, ఇదివరకు చూసినవే మళ్ళీ చూసుకుంటున్నాను.

నన్ను బెజవాడలో ఒక దుకాణంలో కోసి, వెనక ఎర్ర రంగు పూశారు. దర్శి బస్టాండు పక్కన కటింగ్ షాపు పెడుతున్న గురవయ్య నన్ను కొని, బస్సు మీద వేసుకుని వెళ్ళాడు. వచ్చిన వాళ్ళందరికీ "బెల్జియం అద్దం" అని చెప్పేవాడు. బెల్జియం ఎక్కడుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అడిగినవాళ్ళూ లేరు.

గురవయ్య మనిషి మొహాన్ని నేరుగా చూసింది తక్కువ. నాలో చూసే మాట్లాడేవాడు. కుర్చీలో కూర్చున్నవాడూ నాలో చూసే జవాబు చెప్పేవాడు. గడ్డం గీసేటప్పుడు, కత్తి సరిగ్గా గొంతు మీద ఉండగా, "ఈసారి మిరపతోట ఎట్టా ఉంది బాబాయ్?" అని అడగడం ఆయన అలవాటు. నోరు కదిపితే తెగుతుంది. పాపం ఆ మనిషి కనుబొమలతో చెప్పేవాడు, కళ్ళతో చెప్పేవాడు. గురవయ్యకు అంతా అర్థమయ్యేది. నోరు మూసుకుని ఉన్న మనిషి దగ్గర మాట లేదనుకోవడం పొరపాటని నేను అక్కడే నేర్చుకున్నాను.

ఆయన కూతురు మల్లేశ్వరి. బడి వదలగానే షాపుకొచ్చి, పిల్లలకు క్షవరం చేసేటప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క ఎక్కి కూర్చునేది. వెళ్ళిపోయిన వాళ్ళ నోటి తీరు నా ముందు తిప్పి చూపించేది. కరణంగారు మూతి బిగించడం, కండక్టరు పళ్ళ సందునుంచి ఊరి పేర్లు అరవడం. తండ్రి నవ్వు ఆపుకోలేక కత్తి పక్కన పెట్టేవాడు.

ఆ పిల్ల ఇంటరు అయ్యాక, మాట పోయినవాళ్ళకు, మాట రానివాళ్ళకు మాట నేర్పే చదువులో చేరింది. నాలుగేళ్ళు. గురవయ్య షాపులో అందరికీ ఆశ్చర్యంగా చెప్పుకునేవాడు. "మాటలు నేర్పే చదువంట అన్నా. దానికి కాలేజీ ఎందుకు? మన షాపులో పది రోజులు కూర్చుంటే సరిపోదూ?"

మూడో ఏడు కాలేజీలో ఆమె పని నేర్చుకునే వైద్యం గదిలో అద్దం పగిలింది. కొత్తది కావాలని కాగితం పెట్టారు. ఆ కాగితం ఏ బల్ల మీద కునుకు తీస్తోందో ఎవరికీ తెలియలేదు. అప్పటికి గురవయ్య గోడంత అద్దం బిగించుకున్నాడు. నన్ను ఏం చెయ్యాలో తోచక, "తీసుకుపోవే, నీ పేషంట్లన్నా చూసుకుంటారు" అన్నాడు. దుప్పటిలో చుట్టి, దర్శి నుంచి గుంటూరు దాకా మల్లేశ్వరి నన్ను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

ఆ గదిలో నాకు మొదట వింతగా ఉండేది. చేతిలో కత్తి లేదు, కత్తెర లేదు. అయినా ఇక్కడా ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని, నాలో చూసుకునే మాట్లాడుకునేవాళ్ళు. ఎవరూ లేనప్పుడు మల్లేశ్వరి చిన్న టార్చి వేసుకుని తన నోరు తానే చూసుకునేది. నాలుక కొస ఎక్కడ ఆనితే ఏ అక్షరం పుడుతుంది, పెదవులు ఎప్పుడు కలుస్తాయి, గొంతు ఎప్పుడు అదురుతుంది అని పుస్తకంలో బొమ్మ చూసి, నాలో చూసి, మళ్ళీ బొమ్మ చూసేది. గురవయ్య ముప్పై ఏళ్ళు బుగ్గల బయటే తిరిగాడు. కూతురు లోపలికి వెళ్ళింది.

ఆఖరి ఏడు ప్రాక్టికల్ పరీక్షకు ఆమెకు ఇచ్చిన మనిషి ఆదెమ్మ. మిరప యార్డులో తొడిమలు తీసే ఆడమనిషి. యాభై ఏడేళ్ళు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి బుగ్గ జారిపోయాయి, దాంతోపాటు మాటా పోయింది. ఎదుటివాళ్ళు అన్నది అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. "నీళ్ళు", "వద్దు", "అయ్యో", ఈ మూడే మిగిలాయి. పోయిన మాటలు ఎక్కడికి పోతాయో నాకు తెలియదు. నా ముందునుంచి మనిషి లేచి వెళ్ళిపోతే ఆ రూపం ఎక్కడికి పోతుందో కూడా నాకు ఇంతవరకు తెలియలేదు.

ఆమెను ఆడపడుచు రాఘవమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చేది. భర్త యలమంద వెంట వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాడు.

మల్లేశ్వరి దగ్గర ప్రశ్నల కాగితం ఒకటి ఉండేది. మొదట ఇంట్లోవాళ్ళ పేర్లు అడగాలి. మనిషి నోటికి బాగా అలవాటైన మాటలు అవేనని పుస్తకంలో ఉంది. మీ ఆయన పేరేంటి? మీ కొడుకు పేరేంటి? మీ మామగారి పేరేంటి? వాచీ నొక్కి, కాగితం వైపు చూస్తూ ఉండేది. పది సెకన్లు. సున్నా. పది సెకన్లు. సున్నా. మూడు వారాలు అంతే.

పాఠం చెప్పే కల్పలత మేడం కాగితం చూసి పెదవి విరిచింది. "సొంతవాళ్ళ పేర్లే రావడం లేదంటే ఇంక కష్టం మల్లేశ్వరీ. సోమవారం బొమ్మల చార్టు ఇచ్చి పంపిద్దాం. కావలసింది వేలితో చూపిస్తుంది."

చార్టు మీద గ్లాసు, కంచం, మంచం, మందుబిళ్ళ బొమ్మలు. దాన్ని ముందు పెట్టగానే ఆదెమ్మ ఎడమ చేత్తో పక్కకు నెట్టేసింది. మాట్లాడే మనిషిగా ఇంటికి పోవాలా, వేలు చూపించే మనిషిగా పోవాలా అన్నది ఇంక మూడు రోజుల్లో తేలాలి. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు నాకు తెలిసింది.

నాకు మరొకటి కూడా తెలుసు. గ్లాసు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఆదెమ్మ కళ్ళు పైకి పోయేవి, పోగొట్టుకున్నది వెతుక్కునేవాళ్ళ కళ్ళలాగా. మొగుడి పేరు అడిగితే మాత్రం కిందికి వాలేవి. పెదవులు ఒక్క క్షణం కలిసి బిగుసుకునేవి. బాగున్న ఎడమ బుగ్గ మీద సన్నగా ఏదో కదిలేది. వెతికేవాళ్ళ చూపు వేరు, దాచుకునేవాళ్ళ చూపు వేరు. గురవయ్య అయితే ఇట్టే పట్టేసేవాడు. కత్తి పట్టినవాడు నామీదనుంచి చూపు తిప్పడు. చదువుకున్న కూతురు ప్రశ్న అడిగి కాగితంలోకి చూసేది.

శుక్రవారం నాడు రాసుకుంటుంటే మల్లేశ్వరి కలంలో ఇంకు అయిపోయింది. విదిలిస్తూ తలెత్తింది. నాలో ఆదెమ్మ మొహం కనబడింది. కలం అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"పెద్దమ్మా, మీ ఆయన పేరు మీకు తెలుసు కదూ?"

బెంచీ మీద ఎండ పడుతోందని లోపలికొచ్చి కూర్చున్న రాఘవమ్మ ఫక్కున నవ్వింది. "ఏందమ్మాయ్, మూడు వారాల్నించీ దీన్నేనా నువ్వు అడిగేది? మా అన్న పేరు మా వదిన చెబుద్దా? పెళ్ళినాడు గుమ్మంలో నేనడ్డం నిలబడితే ఒక్కసారి చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళయింది, మళ్ళీ చెప్పలా."

"మరి కొడుకు పేరు?"

"వాడికి మా నాయన పేరే పెట్టాం గదా. మామ పేరు పెట్టి కొడుకుని పిలుస్తదా? 'అబ్బాయ్' అంటది. నువ్వేం ఊళ్ళో పుట్టలా?"

మల్లేశ్వరి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. వాళ్ళమ్మ కూడా ఏనాడూ గురవయ్య పేరు పలకలేదు. రేషన్ దుకాణంలో పేరు అడిగితే "నువ్వు చెప్పవే" అని కూతుర్నే ముందుకు తోసేది. తెల్లకోటు తొడుక్కున్నాక అది గుర్తు రాలేదు. మనుషులు చదువుకోసం ఊరు దాటి పోతారు, మంచిదే. ఊరిని కూడా ఒక పుస్తకంగా వెంట తెచ్చుకుంటే ఏమంత బరువు!

మర్నాడు మల్లేశ్వరి మేడాన్ని కూడా కూర్చోబెట్టింది. ఆదెమ్మ కర్ర పట్టుకుని ఇంటికి పోవడానికి లేచింది. తలుపు నాకు సరిగ్గా ఎదురు. మల్లేశ్వరి ముందే చెప్పి ఉంచినట్టు రాఘవమ్మ ఆ గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడి ఉంది.

"పేరు చెప్పి దాటు వదినా."

ఆదెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. కర్రతో నేల మీద కొట్టింది. "జ... జరుగు."

మల్లేశ్వరి మేడం వైపు చూసింది. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు.

"జరగను. ఆ రోజు జరిగానా? తాళి కట్టిన సేపు కంటే నిన్ను గుమ్మంలో నిలబెట్టిన సేపే ఎక్కువ. ఎవరెవరొచ్చారో చెప్పు, పో."

ఆదెమ్మ తల దించుకుంది. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. ఇదివరకు అక్కడే ఆగిపోయేవి. ఈసారి ఆగలేదు.

"నేనూ... య... యలమంద... గారూ... వచ్చాం."

అని కొంగు నోటికి అడ్డం పెట్టేసుకుంది.

బయట బెంచీ కిర్రుమంది. యలమంద చెల్లెలి భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. "ఎవరే నన్ను పిలిచింది?"

"నీ పెళ్ళామే!"

ఆ మనిషి పెళ్ళాం వైపు చూడలేకపోయాడు. కటింగ్ షాపులో మగవాళ్ళలాగే నాలోకి చూశాడు. ఆమె మొహం నాలోనే చూశాడు. తువాలుతో మెడ తుడుచుకున్నాడు, కళ్ళూ తుడుచుకున్నాడు. కల్పలత మేడం లేచింది. బొమ్మల చార్టు మడిచి బీరువాలో పెట్టి వచ్చింది. మల్లేశ్వరి పాత కాగితం చింపి, యార్డు, తొడిమ, మిరపకాయ, కూలి, చెల్లెమ్మ అని కొత్త కాగితం రాసుకుంది.

రెండు నెలలకు పరీక్ష. పరీక్షించడానికి పైఊరినుంచి ఒక సారు వచ్చాడు. ఆదెమ్మ తొడిమలు తీసే పనీ, పనికి పోయే ఆటో సంగతీ చిన్న చిన్న ముక్కలుగా చెప్పింది. సారు తల ఊపుతూ రాసుకున్నాడు. అంతా అయ్యాక, ఏ పుస్తకం గుర్తొచ్చిందో, తన సొంత ప్రశ్న ఒకటి వేశాడు.

"మీ ఆయన పేరేంటమ్మా?"

మల్లేశ్వరి లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఆదెమ్మ నాలోకి చూసింది. నాలోనుంచి మల్లేశ్వరిని చూసింది, గుమ్మంలో రాఘవమ్మను చూసింది. కళ్ళు కిందికి వాలలేదు. రెండు బుగ్గలూ కదిలాయి. కుడిది కొంచెం తక్కువగా.

"చెప్పను," అంది.

సారు కలం ఆగింది. మేడం మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

మార్కుల గడిలో ఆయన ఎన్ని మార్కులు వేశాడో నా వైపునుంచి కనబడలేదు. కాగితాల మీద ఉండేవి నాకు ఎప్పుడూ తిరగబడే కనిపిస్తాయి. మల్లేశ్వరి మొహం మాత్రం తిన్నగా కనబడింది. చివరికి కొత్త అద్దం వచ్చి, నన్నిట్లా గోడ వైపు తిప్పి పెట్టినా ఆ మొహం నాకు కనబడుతూనే ఉంది.