ఎక్స్‌రే మైల

మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల మేడను చూస్తూ లూనా మోపెడ్ నడిపిన ఐలయ్య, మేడను చివరి అంతస్తు దాకా చూశాడు గాని ముందున్న గుంటను చూడలేదు. దవాఖానలో ఎక్స్‌రే తీసి పక్కటెముకలు పదిలమన్నారు. ఆ శుభవార్తతో మూసాపేటలోని ఇంటికొస్తే, భార్య సక్కుబాయి గడపలోనే ఆపింది.

“గాడనే ఆగు. నీ మీద రేడియేషన్ ఉన్నది.”

ఈ ముక్క ఎనిమిదో తరగతి చదివే చిన్నకూతురు కృష్ణప్రియ చెప్పింది. ఎండాకాలంలో పోఖ్రాన్‌లో బాంబులు పేలినప్పటి నుంచి బళ్లో అణువు గురించి అణువణువూ చెబుతున్నారు.

ఒంటికి కనబడనిదేదైనా అంటితే సక్కుబాయికి తెలిసిన పద్ధతి ఒక్కటే: మైల. అరుగు మీద చాప, వేరే కంచం, వేరే చెంబు.

“ఎన్ని దినాలే?” అన్నాడు ఐలయ్య.

“చావుమైలకైతే పదకొండు. దీనికెంతనే, ప్రియా?”

“కొన్ని దినాలకు సగం పోతదమ్మా. మళ్ల గన్నే దినాలకు మిగిలిన దాంట్ల సగం. గట్ల సగం సగం అయితనే ఉంటది.”

“మొత్తం ఎప్పుడు పోతది?”

“పుస్తకంల లేదు.”

అర్ధాయువు పాఠం పిల్లకు అర్ధమే అర్థమైంది.

ఐలయ్యకు కంచం ఫికర్ లేదు. తెల్లారితే, కాన్పుకొచ్చిన పెద్దకూతురు ప్రశాంతి బిడ్డకు పేరు పెడతారు. తొలి మనవరాలు. ఒళ్లో పెట్టుకుని పేరు పిలవాల్సింది తాతే. అరుగు మీంచి కేకేస్తే అది పేరు పెట్టడం కాదు, హాజరు తీసుకోవడం.

పొద్దున్నే తమ ఇంటి పైవాటాలో కిరాయికుండే గుంటూరు సైన్సు మాస్టారు ప్రభుదాసును పిలిపించి సంగతి చెప్పాడు. ఆయన టార్చిలైటు తెచ్చి ఐలయ్య మొహం మీద వేసి, ఆర్పాడు.

“చూడండమ్మా, లైటు ఆపాక ఈయన ఒంట్లో వెలుగు మిగిలిందా అండి? ఎక్స్‌రే కూడా అంతే. మిషన్ ఆగింది, కిరణం పోయింది. తనంతట తాను విరిగే పరమాణువులకే ఆ సగం సగం లెక్క.”

“ఈయన ఎన్నడు వెలిగిండు సారూ? మరి ఎక్స్‌రే తీసేటోడు గోడెనక ఎందుకు దాక్కున్నడంట?”

“అతను రోజంతా తీస్తాడండి. రోజూ కొంచెం కొంచెం పడితే ప్రమాదం. మీ ఆయనకు పడింది ఒక్కసారే.”

సక్కుబాయి తల ఊపింది. చాప మాత్రం తీయలేదు.

అక్కడితో ఆపితే ప్రభుదాసు మాస్టారెందుకవుతాడు? పేరు పెట్టడానికి సిద్ధం చేసిన పళ్లెంలోంచి అరటిపండు అందుకున్నాడు. “ఆ మాటకొస్తే దీన్లోనూ రవ్వంత రేడియేషన్ ఉందండి. పొటాషియం ఉంది కదా. మన అందరి ఒంట్లోనూ ఉంటుంది, పుట్టినప్పటి నుంచీ.”

ఐలయ్య కళ్లు మూసుకున్నాడు. ఇక ఇంట్లో ఉన్న చాపలు చాలవు.

“చంటిదానికి గూడనా?” అంది సక్కుబాయి.

“పాపకూ ఉంటుందండి. ఏ హానీ లేదు.”

“నాకు?”

“అందరికీనండి.”

“గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా సారూ! అందరం ఒక్క మైలల ఉన్నంక ఇగ అంటేంది, ముట్టేంది?”

లోపలికి పోయి పసిదాన్ని తెచ్చి ఐలయ్య ఒళ్లో పెట్టింది.

“అయ్యో, కారణం అది కాదండీ...” అని ప్రభుదాసు లేచాడు.

“సారూ,” అన్నాడు ఐలయ్య, మనవరాలి మీంచి చూపు తిప్పకుండా, “జర నువ్వు పండు తిను.”