నొప్పి తెలియని కాలు

కోటేష్ కుడికాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. కాలికి ఆ సంగతి తెలియలేదు. ఇంటికొచ్చాక భార్య కొండమ్మ చూసి చెప్పింది.

రక్త క్యాన్సర్‌కు ఖమ్మం దవాఖానాలో ఎక్కిస్తున్న మందుతో నరాలు దెబ్బతిన్నాయి. పాదం పైకి లేవదు, వేళ్లు నేలకు రాసుకుంటాయి. మందు పూర్తయితే మెల్లగా కొంత స్పర్శ తిరిగి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట మీదే కోటేష్ బతుకుతున్నాడు. ఇల్లందు నుంచి గూడేలకు ఆటో నడిపేవాడు. బ్రేకు తొక్కిందీ లేనిదీ తెలియని కాలితో మనుషులను ఎట్లా ఎక్కించుకుంటాడు?

"ఆటో ఎండకు పాడైతాంది. అమ్మేద్దామా?" అంది కొండమ్మ.

"ముందు నన్ను అమ్మి సూడు, ఎవడన్న కొంటడేమో."

తల్లి ముత్తక్క నవ్వలేదు. "సల్లబడ్డ కాలు కొడుకా. కాపడం పెడితే నరం లేస్తది."

ఆమె చేతి కాపడానికి పక్క గూడేల నుంచీ వచ్చేవారు. జిల్లేడాకులకు ఆముదం రాసి, పెనం మీద కాల్చి అదిమేది. వేడి ఎంతో ఆమె చూడదు, పెట్టించుకునేవాళ్లు 'సాలు' అనాలి. అనేదాకా ఆపదు.

కొండమ్మ తునికాకు కోతకు పోయిన పూట ముత్తక్క ఆకులు కాల్చింది.

"తెలుస్తాందా?"

"లేదమ్మా. ఇంకింత పెట్టు."

కొండమ్మ తిరిగి వచ్చేసరికి పాదం తోలు ఊడి ఉంది.

ఖమ్మంలో డాక్టరమ్మ పుండు చూసింది. "ఇది మానేదాకా మందు ఎక్కించలేం."

"ఎప్పటికి మాన్తది మేడమ్?"

"రక్తంలో ఆ శక్తి లేదమ్మా. మానడం కష్టం."

"మందు ఆపితే జబ్బు పెరగదా?"

"పెరుగుతది," అందామె, కొండమ్మ చెయ్యి పట్టుకుని.

ఇంటికొచ్చాక చీము మడమ దాకా పాకింది. జ్వరం దిగడం లేదు. ముత్తక్క, కొడుకు మంచం పక్కనుంచి లేవడం లేదు, ఏమీ తినడం లేదు. కొండమ్మ కట్టు మారుస్తుంటే, ముత్తక్క వంగి కొడుకు ముఖంలోకి చూసింది.

"నొస్తాందా బిడ్డా?"

కోటేష్ తల్లిని చూశాడు. "అవ్ అమ్మా. మస్తు నొస్తాంది."

ముత్తక్క ముఖం వెలిగింది. "ఇన్నవా కోడలా? నరం లేచింది!"

మాంసానికి అంటుకున్న గుడ్డను కొండమ్మ అప్పుడే లాగింది. కాలు ఉలకలేదు.

"అవ్ అత్తా," అంది.